ఉత్తమ ఉద్యోగి గైర్హాజరు

ఆ ఉదయం కోర్టు సూపరింటెండెంటుగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడి, ప్రశంసాపత్రం అందుకునేటప్పుడు ఏ చెయ్యి ముందు చాపాలో సాధన చేస్తున్నారు. ఇరవయ్యేడేళ్ళ సర్వీసులో ఒక్కరోజైనా గైర్హాజరు కాని మనిషాయన. జ్వరమొస్తే జ్వరంతోనే వచ్చేవారు. తన పెళ్ళినాడు కూడా పొద్దున్నే వచ్చి హాజరు పట్టీలో సంతకం పెట్టి వెళ్ళారంటారు. అది అబద్ధమని ఆయన ఎన్నడూ అనలేదు. వెనకాల అందరూ ఆయన్ని గడియారంగారు అని పిలుస్తారు. మనమూ అలాగే పిలుద్దాం.

"రెండు చేతులూ చాపండి, పోయేదేముంది?" అంది ఆయన భార్య వంటింట్లోంచి. "ముందు ఇవ్వనివ్వండి."

"నాకు కాక ఇంకెవరికిస్తారు?" అన్నారు గడియారంగారు. ఆయన నమ్మకానికి కారణం ఉంది. జనాన్ని కోర్టుకు దగ్గర చెయ్యాలని పెద్ద జడ్జిగారు ఆ రోజు తలుపులన్నీ అందరికీ తెరిపిస్తున్నారు. పదకొండింటికి ఆవరణలో సభ. జనం ఓట్లతో ఎన్నికైన ఉత్తమ ఉద్యోగికి సన్మానం. ఓట్ల పెట్టె ఆలోచన గడియారంగారిదే. పదిహేను రోజులపాటు దాన్ని వరండాలో పెట్టించి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకున్నారు. ఓట్లు మాత్రం జనం చేతిలో ఉన్నాయి. కొంప మునిగింది అక్కడే.

తొమ్మిదింటికి ఇద్దరు గుమాస్తాల ఎదుట పెట్టె తెరిచారు. మూడు వందల పన్నెండు చీటీలు. అందులో రెండు వందల డెబ్భై ఒకటి ఒక్కరికే. గడియారంగారికి ఒక్కటంటే ఒక్క ఓటు వచ్చింది. దాని దస్తూరీ ఆయన రోజూ ఇంట్లో పచారీ చీటీల మీద చూసేదే. పాపం, ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకుని మిగతావి చదివారు. "వరండా అక్కయ్య చెప్పకపోతే మా తాతయ్య వేరేవాళ్ళ కేసులో సాక్ష్యం చెప్పి వచ్చేవాడు," అని ఒకరు రాశారు. "చూపు ఆనని మా అమ్మని చెయ్యి పట్టుకుని రెండంతస్తులు ఎక్కించింది," అని ఇంకొకరు. ఒకరైతే, "ఆమె వెంట నడిస్తే భయం పోతుంది," అని మాత్రం రాసి ఊరుకున్నారు. చదువుతూ చదువుతూ గడియారంగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఓడిపోయినందుకు కాదు. మనిషి నిక్కచ్చే గాని రాయి కాదు.

ఇంతకీ ఈ వరండా అక్కయ్య ఎవరు? మెట్ల పక్క బల్లమీద గుడ్డసంచితో కూర్చునే నడివయసు ఆవిడ. ఆవిడని ఎరగనివాళ్ళు కోర్టులో లేరు. ఏ సెక్షను మనిషో ఎరిగినవాళ్ళూ లేరు. రికార్డు గదివాళ్ళు ఆమెని నకళ్ళ సెక్షను అనుకున్నారు. నకళ్ళవాళ్ళు సమన్ల సెక్షను అనుకున్నారు. గడియారంగారు వాకబు చేసేసరికి మొదట అందరూ మాకు తెలియదన్నారు. గెలిచిన సెక్షనుకు కొత్త బీరువా ఇస్తారని తెలిశాక ఆమె మా మనిషంటే మా మనిషని మూడు సెక్షన్లు కొట్టుకు చచ్చాయి.

నిజం చెప్పాలంటే ఆమెకు ఆ కోర్టులో ఉద్యోగం లేదు, కేసుంది. కింది వాటా బావగారితో మెట్ల తగువు. మేడమెట్ల మీద తడిబట్టల నీళ్ళు కారాయని మొదలై, ఆయన మెట్ల తలుపుకి తాళం వేసేదాకా వచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఆమె పెరటివైపు నిచ్చెన ఎక్కి ఇల్లు చేరుతోంది. ఒకసారి వాయిదా తేదీ మారిన సంగతి తెలియక నష్టపోయింది; అప్పట్నుంచి రోజూ వస్తోంది. వచ్చిన మనిషి ఊరికే కూర్చోలేదు. దిక్కులు చూస్తున్నవాళ్ళు కనిపిస్తే లేచి గదిదాకా దిగబెట్టి వస్తుంది. తీరా తన కేసు పిలిచే వేళకు ఎవరినో రెండో అంతస్తులో దిగబెడుతూ ఉంటుంది. అలా నాలుగుసార్లు గైర్హాజరు పడింది. ఇవాళ పదకొండున్నరకు పలక్కపోతే కేసు కొట్టేస్తామని మూడో గది జడ్జిగారు కిందటి వాయిదాకే చెప్పారు. కొట్టేస్తే ఇక బతికినన్నాళ్ళూ నిచ్చెనే.

గడియారంగారు బల్ల దగ్గరికి వెళ్ళి, అమ్మా, మీది ఏ గది అని అడిగారు. మూడో గదండీ అంది. ఎన్నేళ్ళయిందన్నారు. తొమ్మిదేళ్ళంది. ఆయన రెండూ శ్రద్ధగా రాసుకుని, పదకొండింటికి వేదిక దగ్గరికి రమ్మన్నారు.

"పదకొండున్నరకి నన్ను లోపల పిలుస్తారండీ," అంది ఆమె కంగారుగా. "ఇవాళ తప్పితే ఇంక లేదన్నారు."

మూడో గది జడ్జిగారు సిబ్బందిమీద చిరాకుపడే మనిషని గడియారంగారికి తెలుసు. "లోపల నేను చెబుతాను, మీరు నిశ్చింతగా రండి," అన్నారు. సూపరింటెండెంటంతటివాడు చెబుతానన్నాక ఇక భయమేముందని ఆమె సంచి సర్దుకుంది. ఆయన చెప్పడానికి బయల్దేరారు కూడా. దారిలో ఎవరో మైకు పనిచెయ్యడం లేదన్నారు, తర్వాత పెద్ద జడ్జిగారి కారు వచ్చిందన్నారు, ఆ హడావుడిలో చెప్పవలసిన మాట గాల్లో కలిసిపోయింది.

సభ బ్రహ్మాండంగా మొదలైంది. మూడో గది జడ్జిగారికి సభలు గిట్టవు. ఆయన యథాప్రకారం బెంచి ఎక్కారు. ఆవరణ మాత్రం కిక్కిరిసిపోయింది. అందరూ ఆమె ఏదో ఒకరోజు చెయ్యి పట్టుకుని నడిపించినవాళ్ళే. పెద్ద జడ్జిగారు చీటీలు ఒక్కొక్కటే మైకులో చదువుతుంటే చప్పట్లు ఆగలేదు. పైన మూడో గది గుమ్మంలో బంట్రోతు ఆమె పేరు ఒకసారి పిలిచాడు, రెండోసారీ పిలిచాడు. చప్పట్లలో ఆ పిలుపు ఎవరికీ వినపడలేదు. వినపడినా ఎవరు పలుకుతారు? వరండా అక్కయ్య అసలు పేరు ఒక్కరికీ తెలియదు.

ప్రశంసాపత్రం చేతికిచ్చి, రెండు మాటలు చెప్పమ్మా అన్నారు పెద్ద జడ్జిగారు. ఆమె మైకుకేసి, మేడ మీది గడియారంకేసి చూసింది.

"నాకిక్కడ ఉద్యోగం లేదండీ. కేసుంది, మూడో గదిలో. ఈపాటికి పిలిచేసి ఉంటారు."

ఆవరణంతా చప్పబడిపోయింది. ఆ నిశ్శబ్దంలో పైనుంచి మూడో పిలుపు వినిపించింది.

తన నోటితో నిశ్చింతగా రమ్మన్న సంగతి గడియారంగారికి అప్పుడు తట్టింది. ఇరవయ్యేడేళ్ళలో ఎన్నడూ పరుగెత్తని మనిషి మెట్లకేసి పరుగెత్తారు. తప్పుకోండి, తప్పుకోండి అంటూ ఆమెకు దారి చేశారు. ఆమె వెనక పెద్ద జడ్జిగారు, ఆయన వెనక రెండు వందల డెబ్భై ఒక్క ఓట్లూ మెట్లెక్కాయి.

మూడో గదిలో జడ్జిగారు కలం మూత తీశారు గాని ఇంకా రాయలేదు. ఎందుకంటే బోనులో ఆమె బావగారు నిలబడి అడ్డుపడుతున్నారు. కిటికీలోంచి మైకు ఆయనకూ వినపడింది.

"ఆమె గైర్హాజరు కాదండయ్యా," అంటున్నారాయన. "మొదటి వాయిదాకి ఈ గది తెలీక తిరుగుతుంటే నన్ను తీసుకొచ్చి కూర్చోబెట్టింది ఆమే. నాకు నీళ్ళు తేవడానికి వెళ్ళింది. అంతలో పిలిచారు. నేను హాజరయ్యాను, ఆమె కాలేదు. ఇవాళ పొద్దున నకలు కాయితం ఎక్కడిస్తారో చూపించిందీ ఆమే. అది ఆమెమీద పెట్టబోయే కాయితమని తెలిసే చూపించింది." ఆయన జేబులో చెయ్యి పెట్టారు. "తొమ్మిదేళ్ళనుంచి సిగ్గుపడుతూనే ఉన్నాను. ఒప్పుకోవడానికి ఇంకా సిగ్గేసింది."

జేబులోంచి మెట్ల తాళంచెవి తీసి బల్లమీద పెట్టారు. గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డ మరదలి కళ్ళలోకి మాత్రం చూడలేకపోయారు. ఆమె ముందుగా ఆయన్ని కూర్చోబెట్టి, ఆ తర్వాతే తాళంచెవి తీసుకుంది. రాజీ అని రాసుకుని జడ్జిగారు కలం మూత పెట్టేశారు. పెద్ద జడ్జిగారు అక్కడికక్కడే ప్రశంసాపత్రంలో 'ఉద్యోగి' అన్న మాట కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టారు. కోర్టు కాగితంలో కొట్టివేతకు సంతకం ఉండాలి కదా. ఆ సాయంత్రం 'ఉత్తమ' అన్న ఒక్క మాటతో ఆ పత్రం మెట్లమీదుగా మేడ ఎక్కింది. బీరువా ఏ సెక్షనుకూ రాలేదు.

సోమవారం బల్ల ఖాళీ. పదింటికల్లా సగం జనం పొరపాటు గదుల్లో కూర్చున్నారు. గడియారంగారు బాణం గుర్తులతో బోర్డులు పెట్టించారు. జనం బోర్డు ముందు నిలబడి అక్కయ్య ఏదని అడిగారు. చివరికి ఆయనే వెళ్ళి ఆ బల్లమీద కూర్చున్నారు. కూర్చున్నారో లేదో, కర్ర ఊతంతో ఒక ముసలాయన సమను కాగితం చాపి, బాబూ ఇది ఎక్కడ అని అడిగాడు. గడియారంగారు ఆయన చెయ్యి పట్టుకుని ఒక్కొక్క మెట్టే రెండో అంతస్తు ఎక్కించారు. సరిగ్గా అప్పుడే పెద్ద జడ్జిగారు తనిఖీకి వచ్చి హాజరు పట్టీ తెప్పించుకున్నారు.

ఇరవయ్యేడేళ్ళలో మొదటిసారి, పొద్దుటి హడావుడిలో సంతకం మరిచిన గడియారంగారి పేరుకెదురుగా గైర్హాజరు పడింది. సంజాయిషీ రాయడానికి మాత్రం ఆయనకు ఇప్పటిదాకా తీరిక దొరకలేదు.