విమానానికి పచ్చ స్వాగతం

చేతిలో పట్టుకునే లేజర్ లైటు వల్ల పైలట్ల కళ్లకు ఎలాంటి హానీ లేదని మా కాలనీ సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సంఘంలో కళ్ల డాక్టర్లెవరూ లేరు గనుక చర్చ తొందరగానే ముగిసింది.

విషయమేమిటంటే, అధ్యక్షులవారి అల్లుడు ఒక సాయంత్రం విమానంలో వస్తున్నాడు. మామగారు డాబా ఎక్కి, ఉపన్యాసాల కోసం కొనుక్కున్న లేజర్‌ను విమానం ముక్కుకు గురిపెట్టారు. దిగబోతున్న విమానం కాస్తా మళ్లీ పైకి లేచి, ఊరు చుట్టి వచ్చి దిగింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగిన అల్లుడు పైలట్‌ను నిలదీశాడు.

"దింపడం చేతకానప్పుడు ఆ సీట్లో ఎందుకు కూర్చున్నారండీ?"

ఆవిడ కళ్ల వెంట ఇంకా నీళ్లు కారుతున్నాయి. "కింద నుంచి ఎవరో పచ్చ లైటు కొట్టారండీ. అద్దమంతా వెలుగే. రన్‌వే కనబడలేదు. కనబడనిచోట మిమ్మల్నెలా దింపను?" అంది.

అల్లుడు ఇంటికొచ్చి, ఆ లైటు వేసినవాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. మామగారు ఓపిగ్గా అంతా విన్నారు.

"నేనే బాబూ. నువ్వొస్తున్నావని."

అల్లుడు వెంటనే, "చాలా బాగా కనిపించింది మామయ్యా" అన్నాడు.

లైటు వచ్చింది మా కాలనీ నుంచేనని తేలడంతో, విమానాశ్రయం అధికారి పైలట్‌ను వెంటబెట్టుకుని మా సంఘం సమావేశానికి వచ్చాడు. అధ్యక్షులవారు డాక్టరు రిపోర్టు తెప్పించుకుని పైకి చదివారు. కంటి లోపలి పొరకు దెబ్బ తగల్లేదు. "మరి హాని ఎక్కడ?" అని సభను అడిగారు.

"కన్ను పోలేదండీ. నేల దగ్గరపడ్డాక చూపు పోయింది. కాసేపే. వెనక సీట్ల నిండా జనం" అంది పైలట్.

"కాసేపు చూపు పోవడం ఒక నష్టమా తల్లీ? కరెంటు పోయినప్పుడు మేం ఈ కుర్చీలు వదిలామా?"

చప్పట్లు మోగాయి. పై తీర్మానం అప్పుడు చేసిందే.

చప్పట్లు ఆగాక అధ్యక్షులవారి అమ్మాయి లేచింది. "నాన్నా, వచ్చే వారం నువ్వూ అమ్మా వెళ్లేది విమానంలోనే కదా?"

ప్రజాభద్రత దృష్ట్యా తీర్మానానికి వెంటనే సవరణ చేశాం: మన కాలనీవారు ప్రయాణించే విమానాలపై లేజర్ వేయరాదు. మిగతా విమానాల విషయంలో పాత తీర్మానమే అమల్లో ఉంటుంది.

"లోపల ఎవరున్నారో కింద నుంచి ఎలా తెలుస్తుందండీ?" అని పైలట్ అడిగింది. ఆ సాయంత్రం ఆవిడ మళ్లీ డ్యూటీకి వెళ్లాలి.

ప్రశ్న సాంకేతికమైనది గనుక వాయిదా వేశాం. ఈలోగా మీరెవరైనా మా ఊళ్లో దిగాల్సి వస్తే, దయచేసి మాలో ఒకరిని వెంటబెట్టుకుని రండి.