ఏనుగు కారు, ఒక్క హ్యాండిల్

"పాత అభిమానులు మన కారును ఎందుకు వదిలిపోతున్నారో కనిపెట్టి తీరుతాం. చివరికి వాళ్ళలో ఒక్కరూ మిగలకపోయినా సరే, కనిపెట్టడం మాత్రం ఆపం!" అని వాహనాల మంత్రిగారు ప్రకటించారు.

కర్మాగారం సమావేశ మందిరం చప్పట్లతో మారుమోగింది. ప్రభుత్వ కర్మాగారం కాబట్టి అక్కడ చప్పట్లకు ఏనాడూ కొరత లేదు. ఈమధ్య కార్లు కొనేవాళ్ళకే కొరత వచ్చింది.

ఆ మాటలు టీవీలో విని, కుట్టుమిషను ఆపి, మెడలో టేపు తీసి కళ్ళకద్దుకున్నవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. ఆయన ఏనుగు కారు అభిమానుల సంఘం అధ్యక్షుడు, వృత్తి టైలరు. ఒకప్పుడు సంఘం సమావేశం పెడితే కుర్చీలు చాలక అద్దెకు తెచ్చేవారు. ఇప్పుడు కొలతలిచ్చేవాళ్ళ కోసం షాపులో వేసిన బల్ల ఒక్కటి చాలు, అందులోనూ సగం ఖాళీ. అయినా ఆయన అధ్యక్షుడే. కోపం వచ్చినప్పుడు భార్య కూడా ఆయన్ని అలాగే పిలుస్తుంది.

ఏనుగు కారు ఎరగనివాళ్ళకు కొంచెం చెప్పాలి. దాని బానెట్టు మీద తొండమెత్తిన ఉక్కు ఏనుగు బొమ్మ ఉండేది, అందుకే ఆ పేరు. తలుపు వేస్తే వీధి చివరిదాకా వినిపించేది. ఎత్తు ఎక్కేటప్పుడు మూలిగేది గానీ ఎక్కనని మాత్రం ఎప్పుడూ మొరాయించలేదు. రోడ్డు మీద రెండు ఏనుగు కార్లు ఎదురుపడితే రెండేసి సార్లు హారన్ కొట్టి పలకరించుకోవడం ఆనవాయితీ. మన అధ్యక్షుడు కర్మాగారం గేటు దాటినప్పుడల్లా కూడా అలాగే కొడతాడు, గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ చేస్తాడు. ఆయనకు పెళ్ళయిన కొత్తలో మొదలైన మర్యాద అది. ఇద్దరి జుట్టూ నెరిసింది గానీ మర్యాద తప్పలేదు.

తర్వాత మార్పు వచ్చింది. మార్పు మంచిదని మంత్రిగారే చెప్పారు కాబట్టి అందులో అనుమానం లేదు. మొదట కారు పొట్ట తగ్గించారు. తర్వాత తలుపు చప్పుడు తీసేశారు. ఆఖరికి ఏనుగునే తీసేసి ఆ చోట ఒక వంకర గీత పెట్టారు. అదేమిటని అడిగితే, "అది ఏనుగు తాలూకు భావన" అన్నాడు డిజైన్ చీఫ్. భావనలో కాళ్ళు చాపుకోవడానికి చోటు లేదని సంఘంలో సగం మంది వేరే కంపెనీలు చూసుకున్నారు. మిగిలిన సగంలో సగం మంది, వాళ్ళను తిట్టడానికి వెళ్ళి, వాళ్ళ కార్లలోనే తిరిగొచ్చారు. అధ్యక్షుడు మాత్రం "ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు" అని చెప్పి సభ ముగించాడు.

అలాంటి ఆయన కారులో ఒకే ఒక్క లోటు ఉంది. ఎడమ తలుపుకు అద్దం తిప్పే హ్యాండిల్ విరిగిపోయింది. కర్మాగారం వాళ్ళ విడిభాగాల కౌంటరులో అడిగితే, "ఇప్పుడన్నీ బటన్లేనండీ. హ్యాండిల్ అనేది ఇప్పుడు కారులో భాగం కాదు" అన్నారు.

"మరి నా కారులో ఒకటి ఉందే?"

"ఉందా? ఇంకేం మరి, వాడుకోండి."

అందుకని కుడి తలుపు హ్యాండిల్‌నే మొగుడూ పెళ్ళాలిద్దరూ వంతులవారీగా వాడుకుంటున్నారు. వాన మొదలుకాగానే ఆయన తన అద్దం ఎక్కించుకుని, హ్యాండిల్ ఊడదీసి ఆవిడకిస్తాడు. ఆవిడ తన అద్దం ఎక్కించుకుని తిరిగిస్తుంది. ఈలోగా ఆవిడ ఎడమ భుజం తడిసి ముద్దవుతుంది. ఒకసారి గాలివానలో రెండు చేతులా అద్దాన్ని పట్టి పైకి లాగాల్సివచ్చి, హ్యాండిల్‌ను పళ్ళతో కరిచి పట్టుకుంది. దాని నల్ల పిడి మీద ఆ గాట్లు అలాగే ఉండిపోయాయి.

"ఎప్పుడూ ముందు మీ అద్దమే ఎందుకు?" అని ఆవిడ ఒకరోజు అడిగింది.

"నడిపేవాడు తడిస్తే ఎలాగోయ్?"

"అయితే వినండి అధ్యక్షులవారూ. వానలు మొదలయ్యేలోగా రెండో హ్యాండిల్ వస్తేనే నేను ఈ కారెక్కుతాను. లేకపోతే మీరూ మీ ఏనుగూ ఊరేగండి, నాకు బస్సుంది."

ఆ మాట ఆయనకు గట్టిగానే గుచ్చుకుంది. ఆవిడ లేని ఎడమ సీటును ఆయన ఊహించుకోలేడు. ఆ సీటు కవరు ఆవిడ నడుము నొప్పికి తగ్గట్టు దూది కూరి తన చేత్తో కుట్టాడు. అది వేరేవాళ్ళు కూర్చుంటే గుచ్చుకుంటుంది, ఆవిడ కూర్చుంటేనే సరిపోతుంది. మంత్రిగారి ప్రకటన విని టేపు కళ్ళకద్దుకున్నది అందుకే.

విచారణ సంఘం వెంటనే ఏర్పడింది. దానికి ఒక గొప్ప నియమం ఉంది. కారు మీద విశ్వాసం పోయినవాళ్ళను సాక్ష్యానికి పిలవకూడదు. "పోయినవాళ్ళు మనవాళ్ళు కాదు. పరాయివాళ్ళ నోట మన లోపాలు వినడం మన సంస్కారం కాదు" అన్నారు ఛైర్మన్ గారు. ఎందుకు పోయారో చెప్పే బాధ్యత ఆ విధంగా పోనివాళ్ళ మీద పడింది. వెతగ్గా వెతగ్గా అధ్యక్షుడు దొరికాడు.

ఆయన గట్టిగా అడగాలనే వెళ్ళాడు. కాని మెత్తటి కుర్చీ, చల్లటి గది, టీ కప్పు కింద సాసరు. ఇన్ని మర్యాదల మధ్య కోపం ఎక్కడ దింపుకోవాలో తెలియలేదు.

"విశ్వాసం ఎందుకు పోతుందంటారు?" అన్నారు ఛైర్మన్ గారు.

"నాకు పోలేదండీ. హ్యాండిల్ పోయింది."

"విశ్వాసం పోలేదన్నారు, రాసుకోండి."

"హ్యాండిల్ సంగతి కూడా రాసుకోమనండి."

డిజైన్ చీఫ్ ముందుకు వంగాడు. "హ్యాండిల్ తిప్పుతుంటే మీకేమనిపిస్తుంది?"

"అద్దం పైకొస్తుందండీ."

"అది కాదు, మనసులో?"

"మా ఆవిడ తడవదని."

"తడి జ్ఞాపకాలు" అని చీఫ్ తన్మయంగా రాసుకున్నాడు.

"ఒక్క హ్యాండిల్ చేయించి ఇస్తే చాలండీ, ఇంకేం వద్దు."

"ఒక్కటి చేసే ఏర్పాటు మన దగ్గర లేదు" అన్నారు ఛైర్మన్ గారు బాధగా. "చేస్తే లక్ష చేయాలి. చేశాక వాటికి తలుపులు కావాలి. తలుపులున్నాక కార్లు కావాలి. అంటే మళ్ళీ పాత కారే చేయాలి. అప్పుడు మార్పు ఏమైపోవాలి? మీరే చెప్పండి."

అధ్యక్షుడి మౌనాన్ని అంగీకారం కింద రాసుకుని, ఇంకో టీ తెప్పించారు.

అయినా ఆయన అదృష్టం బాగుంది. వారం తిరక్కుండానే మంత్రిగారి పీఏ స్వయంగా ఫోన్ చేశాడు. కొత్త కారు ఆవిష్కరణ సభలో, ఆఖరిదాకా నిలబడ్డ అభిమానికి మంత్రిగారు తమ చేతుల మీదుగా హ్యాండిల్ బహూకరిస్తారట. భార్యాసమేతంగా రావాలట.

"నిజం హ్యాండిలేనా?" అంది భార్య.

"మంత్రిగారు స్వయంగా ఇస్తుంటే నిజంది కాకుండా ఎలా ఉంటుందే?"

"అందుకే అడుగుతున్నా."

అన్నది గానీ, ఆ రోజు ఆవిడ మంచి బట్టలు కట్టుకుని ముందే వచ్చి ఎడమ సీట్లో కూర్చుంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. అధ్యక్షుడు తను కుట్టుకున్న కొత్త సూటులో గేటు ముందు రెండుసార్లు హారన్ కొట్టాడు. వాచ్‌మన్ మడమలు కలిపి సెల్యూట్ చేశాడు. ఆవిడ నవ్వింది. చాలా రోజుల తర్వాత ఏనుగులో ఆ నవ్వు చూసి ఆయనకు కడుపు నిండిపోయింది.

లోపల పీఏ ఎదురొచ్చాడు. మొహం నిండా చెమటలు. "కారు ఇక్కడొద్దు సార్, కొత్త కారు ఫోటోలో పాతది పడితే బాగుండదు. తాళం ఇటివ్వండి, మావాళ్ళు పాత షెడ్డు వెనక పెడతారు" అన్నాడు. పక్కనే నిలబడ్డ స్టోర్‌కీపరు వైపు తిరిగి, "ఏమయ్యా, చూశావా?" అన్నాడు. "చూస్తూనే ఉన్నాం సార్" అన్నాడు స్టోర్‌కీపరు. మైకు గురించి కాబోలు అనుకున్నాడు అధ్యక్షుడు.

సభ దివ్యంగా మొదలైంది. తెర తొలగ్గానే కొత్త కారు తళతళలాడింది. మంత్రిగారు ఎక్కి కూర్చున్నారు. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. కార్యక్రమం ప్రకారం ఇప్పుడు బటన్ నొక్కి, అద్దం దించి, ప్రజలకు అభివాదం చేయాలి. నొక్కారు. కారులో తెర వెలిగి, "కొత్త మార్పులు చేసుకుంటున్నాను, దయచేసి ఆగండి" అని చూపించింది. అద్దం దిగలేదు. తలుపూ తెరుచుకోలేదు.

మంత్రిగారు సమయం వృథా చేసే మనిషి కాదు. లోపలే ప్రసంగం మొదలుపెట్టారు. పెదవులు కదులుతున్నాయి, వేలు గాల్లో ఆడుతోంది, ఒక్క ముక్క బయటికి రాలేదు. వేలు పైకి లేచినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు. "గమనించారా నిశ్శబ్దం?" అన్నాడు డిజైన్ చీఫ్ విలేకరులతో. "లోపలివాళ్ళ మాట బయటికి రాదు, బయటివాళ్ళ గోల లోపలికి పోదు." కాసేపటికి మంత్రిగారు పిడికిలితో అద్దాన్ని గుద్దసాగారు. అది చూసి కార్యకర్తలు కూడా పిడికిళ్ళెత్తి నినాదాలు అందుకున్నారు.

"ఒక హ్యాండిల్ ఉండి ఉంటే ఈపాటికి..." అని అధ్యక్షుడు మెల్లగా అన్నాడు.

"మీకు పాతవాటి మీద మమకారం మరీ ఎక్కువండీ" అన్నాడు చీఫ్.

అదే సమయంలో స్టోర్‌కీపరు పరుగున వచ్చి పీఏ చెవిలో "దొరికింది సార్" అన్నాడు. పీఏ గుండె మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూలబడ్డాడు. అంత ఉపశమనం ఆయన ముఖంలో మంత్రిగారు బయటికి వచ్చినప్పుడు కూడా కనబడలేదు.

వచ్చారు. వెనక సీటు మడిచి, డిక్కీలోంచి ప్రజల మధ్యకు వచ్చారు. తల దువ్వుకుని మైకు అందుకున్నారు. "ఏం కారండీ! ఇన్నేళ్ళ రాజకీయ జీవితంలో నా ప్రసంగం నేను పూర్తిగా వినడం ఇదే మొదటిసారి" అన్నారు. సభ లేచి నిలబడింది.

తర్వాత అధ్యక్షుణ్ణి వేదిక మీదికి పిలిచారు. జ్ఞాపిక చూసి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. చిన్న చెక్కపలక మీద నిజంగానే హ్యాండిల్, బంగారు రంగులో. పలక వెనకవైపు మంత్రిగారి నవ్వు ముఖం ఫోటో. ఎటు తిప్పి పెట్టుకున్నా ఇద్దరిలో ఒకరు కనబడాలని ఆ ఏర్పాటు. హ్యాండిల్‌ను మాత్రం తిరగేసి బిగించారు, పిడి చెక్కలోకి, తలుపుకు తగిలించే కన్నం బయటికి. కార్లు తయారుచేసేవాళ్ళకు హ్యాండిల్ ముందేదో వెనకేదో తెలియకపోవడం ఆయనకు కొంచెం కష్టంగా తోచింది. అయినా ఇచ్చిన చెయ్యి పెద్దది, వంకలు పెట్టకూడదు అనుకున్నాడు.

"అంచు పట్టుకోండి సార్, రంగు ఇంకా పచ్చిగా ఉంది" అని పీఏ గొణిగాడు. మొదటి వరసలో భార్య అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఇక ఆవిడ బస్సెక్కదు. ఆయనకు అంతకంటే కావలసింది లేదు.

షెడ్డు వెనక కారు దగ్గరికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. "ఇవాళ ఎవరి అద్దం వాళ్ళమే!" అంటూ ఆయన దర్జాగా కుడి తలుపు మీద చెయ్యి వేశాడు. చేతికి వట్టి ఇనుప మొన తగిలింది. సీటు కింద చూశాడు. చాప ఎత్తి చూశాడు. వాన పెరిగింది.

పక్క సీట్లో ఆవిడ జ్ఞాపికను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, చెక్క అంచున బయటికి కనబడుతున్న కాస్త పిడిని చేతిరుమాలుతో తుడుస్తోంది. బంగారం రుమాలుకు అంటుకుని కింద నలుపు తేలింది.

"ఏవండీ."

"ఉండవే, ఇక్కడే ఎక్కడో పడుంటుంది."

"వెతక్కండి" అంది ఆవిడ. "ఇవి నా పళ్ళే."

ఆయన చూశాడు. ఇద్దరి భుజాలూ తడుస్తున్నాయి. ఆయన జ్ఞాపిక అందుకుని, ఆవిడ మీదుగా వంగి, ఎడమ తలుపు మొనకు తగిలించాడు. తిరగేసి బిగించారు కాబట్టి చెక్కతో సహా చక్కగా కూర్చుంది. తిప్పాడు. చెక్క మీద మంత్రిగారు ఒకసారి తలకిందులై, ఒకసారి నిటారై, నవ్వుతూనే తిరిగారు. ఎడమ అద్దం పూర్తిగా ఎక్కింది.

"ముందు నాదేంటి ఇవాళ?" అంది ఆవిడ.

ఆయన పలకను తన తలుపుకు మార్చాడు. తన అద్దం ఎక్కించుకునేసరికి సూటు కుడి చెయ్యి మొత్తం నీళ్ళోడుతోంది. జ్ఞాపిక ఊడదీసి ఆవిడకిచ్చి బండి తీశాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఏనుగును చూసి, వానలోకి వచ్చి, మడమలు కలిపి చెయ్యి సగం ఎత్తి నిలబడ్డాడు. కారు గేటు దాటింది, రోడ్డెక్కింది. వాచ్‌మన్ చెయ్యి అలాగే ఉంది.

"హారన్ కొట్టలేదేం?" అని అడిగింది ఆవిడ.

"చేతులు ఖాళీ లేవు" అన్నాడాయన.

జ్ఞాపిక అప్పుడు ఆవిడ ఒళ్ళో ఉంది.