ఒక్కటే దండ

ఆ సోమవారం పొద్దున మల్లక్క అనుకున్నది చిన్న పనే. మనుమరాలు సహస్ర, ఇంకో ముగ్గురు ఆడపిల్లలు కాలనీ బస్టాపు దగ్గర మూతికి నల్లగుడ్డ కట్టుకుని సాయంత్రం దాకా మౌనదీక్షలో కూర్చుంటారు; వాళ్లకొక టెంటు, దండ చూడాలి. గోదావరిఖని కాలేజీకి పోయే పొద్దుటి బస్సును డిపోవాళ్లు ఆపేసి మూడు నెలలైంది. బొగ్గు లారీల పక్కన నడిచిపోతే ఒప్పుకోనని, ఈ వారంలో బస్సు రాకుంటే చదువు బందేనని కొడుకు జగదీశ్వర్ డ్యూటీకి పోతూ చెప్పిపోయాడు.

పెళ్లిళ్ల రోజులు గదా, రంగుల టెంట్లన్నీ పోయి, చావు దినాలకు కట్టే తెల్లదొక్కటే మిగిలింది. “నీడకు రంగెందుకక్కా” అంటూ టెంట్ల గట్టయ్య అదే కట్టాడు. ఫ్లెక్సీ మీద తమ బిడ్డల ఫోటోలు వద్దని మిగతా ముగ్గురి తండ్రులూ అన్నందుకు, సహస్ర బతుకమ్మనాటి ఫోటో ఒక్కటే నిలువెత్తున పడింది. ఇక దండ. తన పెనిమిటి గని ముందర ఎన్నిసార్లు దీక్షకు కూర్చున్నా మెడలో దండ పడనిదే మొదలు కాలేదని మల్లక్క పట్టుబట్టి బంతిపూల దండ తెచ్చింది. తెచ్చింది ఒక్కటే. అందరికీ లేనిది తనకొద్దని సహస్ర దాన్ని ఫ్లెక్సీకి వేసింది. మల్లక్క పిల్లలకు జొన్న గటక వండడానికి ఇంటికి పోయింది.

గనిలో నైట్ షిఫ్టు దిగి వస్తున్న కాలనీ సదయ్య తెల్ల టెంటు, దండేసిన ఫోటో చూసి బండి ఆపాడు. ఎట్లా జరిగిందని అడిగాడు. పిల్లలు నోరు విప్పకూడదు. దుమ్ముకు నీళ్లు కారుతున్న కళ్లతో లారీల వైపు చేతులు చూపారు. సదయ్యకు ఇంకేం చెప్పాలి?

గంటలో కాలనీ అంతా అక్కడే ఉంది. అందరూ ఫోటోను చూసినవాళ్లే గానీ, నల్లగుడ్డల వెనక ముఖాలను ఎవరూ చూడలేదు. మందమర్రి నుంచి మల్లక్క ఆడబిడ్డ లస్మవ్వ ఆటోలోంచే ఏడుస్తూ దిగింది. తలెత్తి చూస్తే గదా, ఎదురుగా ఉన్న పిల్ల ఒళ్లో పడి “ఓ బిడ్డా, నన్ను జూడకుంటనే పోతివా” అని రాగం తీసింది. ఆ పిల్ల సహస్రే. మౌనం గదా, వీపు నిమురుతూ కూర్చుంది.

యూనియన్ లీడరు జైపాల్ మైకు తెచ్చాడు. నాలుగు అర్జీలకు పలకని డిపో సారు జీపులో ఉరికొచ్చి, రేపటి నుంచే సహస్ర పేరు మీద బస్సు నడుపుతామని కాగితం చదివి, సంతకానికి పెన్ను తీశాడు.

అప్పుడొచ్చింది మల్లక్క. ఎవరో గటక గిన్నె అందుకుని, గుండె దిటవు చేసుకోమన్నారు. ఫోటోను చూసింది, నల్లగుడ్డ మీదుగా తననే చూస్తున్న మనుమరాలి కళ్లను చూసింది, సారు చేతిలో పెన్ను చూసింది. లస్మవ్వ పక్కన కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుపందుకుంది.

సహస్ర లేచి గుడ్డ విప్పింది.

“సార్, సహస్రను నేనే. సచ్చిపోలే. బస్సు కోసమే కూసున్నం.”

సారు పెన్నుకు మూత పెట్టాడు. “మరి ఇదంతా ఎందుకమ్మా? అర్జీ పెట్టుకో, చూస్తం.”

జైపాల్ మైకు వైరు చుట్టుకున్నాడు. తనను ఉత్తగా ఏడిపించారని లస్మవ్వ అలిగి ఆటో ఎక్కింది.

ఇంటికి పోతూ మల్లక్క, “ఒక్క నిమిషమాగితే సంతకమైపోతుండె గద బిడ్డా” అంది.

“సచ్చినోళ్ల బస్సెక్కి ఏం సదువుకోవాలె అవ్వా?”

వారం తిరిగాక జగదీశ్వర్ సహస్ర పుస్తకాల సంచీని అటక మీద పెట్టాడు.

చనిపోయిన సహస్రకు మర్నాడే రావాల్సిన బస్సు, బతికున్న సహస్రకు ఇంకా రాలేదు.