ముందు అల్లుణ్ణి తిననివ్వండి

ఆ ఆదివారానికి మంగతాయారు అనుకున్నది చాలా చిన్న పని. ఆరింటికి లేవాలి, ఇడ్లీ వెయ్యాలి, అల్లం పచ్చడి చెయ్యాలి. ఎనిమిదింటికి అల్లుడు మల్లికార్జున టీవీ ముందు కూర్చోగానే తాను వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చోవాలి. సోఫాలో చోటున్నా కూర్చోకూడదు. ఆగస్టులో ఒకసారి మోకాళ్లు పట్టేసి ఆ పీట మీద కూలబడిన నిమిషంలోనే హాథర్‌బీ జట్టు గోలు కొట్టింది. అప్పట్నుంచి ఆమె స్థానం అదే అని అల్లుడు తేల్చేశాడు.

మల్లికార్జున సిడ్నీ రాకముందు ఇంగ్లండులో హాథర్‌బీ అనే చిన్న ఊళ్లో ఏడాది చదివాడు. ఆ ఊళ్లో చెప్పుకోదగ్గవి రెండే: మూతపడ్డ బిస్కెట్ ఫ్యాక్టరీ, ఫుట్‌బాల్ జట్టు. రెంటిలో ఫ్యాక్టరీయే కాస్త చురుగ్గా ఉంటుందని ఆ ఊరివాళ్లే అంటారట. అయినా ఆ చలికాలమంతా అతనికి తోడుగా ఉన్నది ఆ జట్టే. అందుకని సిడ్నీ శివారు టూంగాబీలో ఇల్లు కొనుక్కుని, పెళ్లాం పిల్లలతో స్థిరపడ్డాక కూడా దాన్ని వదల్లేదు.

ఇంగ్లండు ఫుట్‌బాల్ నాలుగంతస్తుల మేడలాంటిదని అతను అత్తగారికి చెప్పాడు. ఏటా బాగా ఆడినవాళ్లు పై అంతస్తుకి ఎక్కుతారు, ఆడనివాళ్లు కిందికి దిగుతారు. హాథర్‌బీ ఉన్నది అట్టడుగు అంతస్తులో. అక్కడ ఇరవైనాలుగు జట్లున్నాయి. ఏడాది చివర ఆఖరి రెండూ ఏకంగా వీధిలోకి.

"ఇరవైనాలుగు మంది ఉన్నచోట ఇద్దర్ని బయటికి పంపకపోతే ఏం బాబూ?" అని అడిగింది మంగతాయారు.

ఆమెకి ఆటకన్నా ఆడేవాళ్లు వెళ్లిపోవడమే ఎక్కువ కనిపించింది. జనవరిలో ఎడమకాలితో బాగా కొట్టే కుర్రాణ్ణి పై అంతస్తు జట్టు పట్టుకుపోయింది. ఆ రోజు ఆమె ఇడ్లీ ముట్టలేదు. అతని చోటులో ఒక పెద్ద జట్టు నుంచి ఇంకో పిల్లవాణ్ణి మే నెల దాకా అడిగి తెచ్చుకున్నారని తెలిసినప్పుడు, వాళ్లమ్మకి చెప్పే తెచ్చారా అని అడిగింది. గోలు కాసే పొడుగబ్బాయి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎవరూ అడగలేదు గనక.

అసలు సంగతి ఏమిటంటే, వారం మొత్తంలో అల్లుడు ఆమెతో మాట్లాడేది ఆ రెండు గంటలే. మిగతా రోజుల్లో "తిన్నారా అత్తయ్యగారూ", "మందులు వేసుకున్నారా" అన్నంతవరకే. కూతురు శ్రీదివ్య ఆసుపత్రిలో నర్సు. ఆదివారం పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోతుంది. తొమ్మిదేళ్ల మనవరాలు లిఖితకి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. ఏప్రిల్లో మల్లికార్జున మామూలుగా అన్నాడు, హాథర్‌బీ దిగిపోతే ఆ మ్యాచ్‌లు ఇక్కడ టీవీలో రావని, ఆదివారాలు హాయిగా పడుకోవచ్చని. మంగతాయారు ఆ మాట విన్నప్పట్నుంచి సరిగ్గా పడుకోలేదు.

ఇప్పుడు వచ్చింది ఆఖరి మ్యాచ్. గెలవక్కర్లేదు, సమానంగా ఆడి ముగించినా నిలబడతారు. ఆట సిడ్నీలో అందరూ నిద్రపోయే వేళ జరుగుతుంది గనక మల్లికార్జున ఎప్పుడూ పొద్దున్నే రికార్డింగు చూస్తాడు. అంతవరకు ఫలితం చెవిన పడకూడదు. అందుకని శనివారం సాయంత్రమే ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ పోగుచేసి బియ్యం డబ్బాలో పెట్టి, మూత వేసి, మూత మీద ఇడ్లీ రుబ్బే గ్రైండరు పెట్టాడు.

ఆరుంపావుకి, మ్యాచ్ గెలిచినా ఓడినా అల్లుడు మధ్యాహ్నానికి అన్నం తినాలి కదా అని, మంగతాయారు గ్రైండరు దింపి బియ్యం డబ్బా తెరిచింది. సోలెడు బియ్యం తీయగానే అడుగున తన ఫోను వెలిగింది. ఆట కబుర్లు వచ్చేలా లిఖిత అందులో ఏవో పెట్టిపెట్టింది. తెర మీద పొడుగబ్బాయి బొమ్మ. గడ్డిలో కూలబడి, మొహాన్ని చేతుల్లో దాచుకుని ఉన్నాడు. కింద ఇంగ్లీషులో ఒక ముక్క. దుకాణాల బోర్డులు చూసి చూసి ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి ఆమె. అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. ఏప్రిల్ నుంచి భయపడుతున్న ముక్కే అది. హాథర్‌బీ దిగిపోయింది.

మంగతాయారు ఫోను బియ్యంలోకి కుక్కి నిలబడింది. ఇంట్లో ఈ సంగతి తెలిసినది తను ఒక్కతే. ఇలాంటి కబురు ఎలా చెప్పాలో ఆమెకి బాగా తెలుసు. పదహారో ఏట మేనత్త ఇంట్లో ఉండగా తండ్రి పోయిన కబురొస్తే, అందరూ కలిసి ఆమెకి కడుపునిండా పెట్టి, చెయ్యి కడిగాక చెప్పారు. ముందే చెబితే మైల, స్నానమయ్యే దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు గదా. ఆ రోజు వంకాయ కూర. తర్వాత యాభై ఆరేళ్లలో ఇంకో మూడు కబుర్లు అలాగే వచ్చాయి. కూరలే వేరు.

కాని ఇది ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. పక్కన ఎవరైనా పెద్దవాళ్లుండాలి. ఫోను మళ్లీ పైకి తీసి, రెండిళ్ల అవతల ఉన్న కాత్యాయనికి చేసింది. కాత్యాయనిది కరీంనగరు. టూంగాబీలో ఎవరింట్లో ఏం జరిగినా మొదట గిన్నె పట్టుకుని వచ్చేది ఆమే.

"ఒక కబురొచ్చిందమ్మా. మా అల్లుడికింకా తెలీదు."

"అయ్యో. ఎప్పుడొచ్చింది పెద్దమ్మా?"

"రాత్రి రెండింటికట. నోటితో చెప్పలేను. ముందు తిననిద్దాం. నువ్వొచ్చి కాస్త పక్కన కూర్చో."

"మంచిగ తిననియ్యున్రి. నేనొస్తున్న."

కబురేమిటని కాత్యాయని అడగలేదు. అలాంటప్పుడు అడగడం మర్యాద కాదు. రాత్రివేళ వచ్చింది, అల్లుడికి చెప్పలేదు, ముందు తిండి పెడుతున్నారు. తెనాలిలో మల్లికార్జున తండ్రి సుందరరామయ్యగారికి ఫిబ్రవరిలో గుండెకి స్టెంటు వేశారు. కాత్యాయని లెక్క కుదుర్చుకుని తన భర్త శేషగిరికి చెప్పింది. శేషగిరి అంతా విని, పాపం మంచి మనిషి అని ఒక నిమిషం కళ్లు మూసుకుని, తర్వాత విమానం టిక్కెట్లు చూడడం మొదలుపెట్టాడు. చావింట్లో పొయ్యి వెలిగించరు గనక ఎవరెవరు ఏం వండి తేవాలో కాత్యాయని అక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో ఉన్న వెంకీ అనే అతని మేనమామ తెనాలిలోనే ఉంటాడు. వెంకీ ఆయన్ని లేపి చెప్పాడు. సుందరరామయ్యగారికే ఒక ఫోను చేసి కనుక్కుందామని ఎవరికీ తోచలేదు. పోయిన మనిషికి ఎవరు ఫోన్ చేస్తారు?

ఎనిమిదింటికి మల్లికార్జున గోధుమరంగూ పసుపూ కలిసిన హాథర్‌బీ మఫ్లరు మెడకి చుట్టుకుని, ఫలితం కంటబడకుండా మొహానికి తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. లిఖిత రికార్డింగు పెట్టింది. ఆట మొదలై అయిదు నిమిషాలు కాకముందే గంట మోగింది. గుమ్మంలో కాత్యాయని, శేషగిరి, వాళ్ల వెనక ఇంకో మూడు కుటుంబాలు. అందరి చేతుల్లో గిన్నెలు. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు.

మల్లికార్జున వాళ్లని చూసి కరిగిపోయాడు. ఏడాదంతా హాథర్‌బీ అంటే ఎగతాళి చేసిన మనుషులు ఆఖరి రోజున ఇంత దిగులుతో వస్తారని అతను ఊహించలేదు. అందర్నీ టీవీ ముందు కూర్చోబెట్టాడు. శేషగిరి తెల్ల లాల్చీ వేసుకుని రావడం ఒక్కటే కాస్త బాధపెట్టింది. తెలుపు అవతలి జట్టు రంగు.

వచ్చినవాళ్లు మాత్రం పాపం ఇతనికింకా తెలియదు గదా అని ఒకరి మొహాలొకరు చూసుకుని, కదలకుండా కూర్చుని ఆట చూశారు. ఎనిమిదిన్నరయ్యేసరికి ఇంట్లో పదిహేడు మంది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మల్లికార్జున భుజం తట్టి, ఏమీ అనకుండా నేలమీద కూర్చున్నారు.

మంగతాయారుకి ఇదంతా చూసి గుండె నిండిపోయింది. దేశం కాని దేశంలో, ఎక్కడో ఇంగ్లండులో ఒక జట్టు దిగిపోయిందంటే ఇంతమంది తన అల్లుడి కోసం కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. ఆమె ఇడ్లీల పళ్లెం పట్టుకుని పీట మీంచి లేచి వెళ్లి అల్లుడికి మళ్లీ వడ్డించింది.

"ఎనిమిది ఇడ్లీలయ్యాయి అత్తయ్యగారూ. ఇక చాలు."

"ఇంకొక్కటి. తర్వాత తినబుద్ధి కాదు బాబూ."

ఆ మాటకి వెనకాల ఎవరో వెక్కారు.

ముప్ఫయ్యో నిమిషంలో హాథర్‌బీ గోలు కొట్టింది. మల్లికార్జున ఎగిరి గంతేసి పక్కనున్న శేషగిరిని గట్టిగా కావలించుకున్నాడు. శేషగిరి ఆపుకోలేక అతని భుజం మీద తల పెట్టి ఏడ్చేశాడు. ఈయనలో ఇంత అభిమానం ఉందని మల్లికార్జునకి ఇన్నేళ్లూ తెలియలేదు. మంగతాయారు టీవీ వైపు చూడలేకపోయింది. ఆ గోలు ఎందుకూ కొరగాదని ఆమెకి తెలుసు.

లిఖిత అందరి మొహాలూ చూసి, అమ్మమ్మ దగ్గరికొచ్చి చెవిలో అంది: "అమ్మమ్మా, ఐ థింక్ దే డోంట్ నో ద రూల్స్. వి ఆర్ విన్నింగ్."

రెండో సగంలో అవతలివాళ్లు ఒకటి కొట్టి సమం చేశారు. ఇంకా ఇరవై నిమిషాలుంది. శేషగిరి గడియారం చూసుకున్నాడు. సింగపూరు మీదుగా హైదరాబాదుకి ఒంటిగంట పదికి ఒక్క సీటు దొరికింది. ఇంకా ఆగితే అదీ పోతుంది. అతను రిమోటు తీసుకుని ఆట ఆపేశాడు.

"మల్లీ, గుండె దిటవు చేసుకోవాలె."

మల్లికార్జున రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకున్నాడు. "చెప్పొద్దు అంకుల్. మీకు తెలిసిపోయిందని అర్థమైంది. ప్లీజ్, ఇరవై నిమిషాలు. నేనే నా కళ్లతో చూసుకుంటా."

"కళ్లతో చూడాలంటే ఒంటిగంట ఫ్లైట్ ఎక్కాలె బిడ్డా. లేకపోతే నాన్నగారిని ఆఖరిసారి చూడలేవు."

మల్లికార్జున చేతులు మెల్లగా కిందికి దిగాయి. పొద్దున్నించి జరిగినవన్నీ అతనికి వరసగా గుర్తొచ్చాయి: గిన్నెలు, తెల్లబట్టలు, భుజం తట్టడం, తొమ్మిదో ఇడ్లీ. అతను అలాగే నేలమీద కూర్చుండిపోయాడు.

మంగతాయారు పీట మీంచి లేచింది. ఈ సంగతి ఆమె వినడం ఇదే మొదలు. అయితే ఇంతమంది వచ్చింది ఇందుకా అనుకుంది. ఒకే రాత్రి రెండు కబుర్లు, అందులో తను దాచింది చిన్నది. "అన్నయ్యగారూ" అని వియ్యంకుణ్ణి తలుచుకుని ఆమె గొల్లుమంది. ఆ ఏడుపుతో అక్కడున్న అందరికీ మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

మల్లికార్జున వంటింట్లోకి పరిగెత్తి బియ్యం డబ్బాని బోర్లా పడేశాడు. పది కిలోల సోనా మసూరి నేలంతా పరుచుకుంది. అందులోంచి, ఇంతసేపూ ఎవరికీ వినపడని అతని ఫోను మోగుతూ బయటపడింది. తెర మీద "నాన్న" అని ఉంది. అతను ఆ ఫోన్ని ముట్టుకోవడానికి ఒక క్షణం భయపడ్డాడు. తర్వాత తీసి, స్పీకరు నొక్కాడు.

"ఒరే, తెల్లారగట్ల మూడింటి నుంచి నీకు చేస్తున్నాను, ఎత్తవేం?" అన్నాడు సుందరరామయ్య. "నేను పోయానని మీ ఊళ్లో ఎవరు చెప్పార్రా? ఇందాక ఒకాయన పూలదండ పట్టుకొచ్చాడు. నేనే తలుపు తీశాను. దండ ఎవరికండీ అంటే నా చేతికే ఇచ్చి వెళ్లిపోయాడు. ఏం చెయ్యమంటావు దీన్ని?"

వంటింటి గుమ్మంలో పదిహేడు మంది నిలబడి వింటున్నారు. వెంకీ మెల్లగా వెనక్కి తప్పుకున్నాడు.

"నాన్నా," అన్నాడు మల్లికార్జున. బియ్యంలో కూలబడి ఏడ్చేశాడు.

"ఏడవకురా. నాకేం కాలేదు. మీ జట్టు సంగతి చూశానులే. ఆఖర్లో ఆ పొడుగువాడి చేతుల్లోంచి బంతి జారిందట కదా. దిగిపోయారట. నువ్వు దిగులుపడుంటావని చేస్తూనే ఉన్నాను, ఇంతలో ఈ దండ వచ్చింది."

మల్లికార్జున ఆ ఫోను వంక చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. బియ్యంలో కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ, "దిగిపోయారా? దిగిపోనీ నాన్నా. దిగిపోతే దిగిపోనీ" అన్నాడు. కాత్యాయని చప్పట్లు కొట్టింది. ఆమెను చూసి అందరూ కొట్టారు. హాథర్‌బీ లీగు నుంచి వెళ్లిపోయినందుకు అంత సంతోషించిన ఇల్లు ఆ రోజు భూమి మీద అదొక్కటే అయ్యుండాలి.

అప్పుడు అందరూ కాత్యాయని వైపు తిరిగారు, కాత్యాయని మంగతాయారు వైపు తిరిగింది. "కబురొచ్చిందని మీరే కదా పెద్దమ్మా అన్నరు."

"వచ్చింది గదమ్మా," అంది మంగతాయారు. బియ్యంలోంచి తన ఫోను ఏరి, పొడుగబ్బాయి బొమ్మ చూపించింది. "పాపం, చూడు ఎలా కూర్చున్నాడో."

శేషగిరి విమానం సీటు వదిలేశాడు. మధ్యాహ్నం దాకా అందరూ కూర్చుని, తెచ్చిన గిన్నెలన్నీ ఖాళీచేస్తూ, మిగిలిన ఇరవై నిమిషాలూ చూశారు. ఏం జరగబోతోందో తెలిసి కూడా, పొడుగబ్బాయి చేతుల్లోంచి బంతి జారినప్పుడు అందరి నోటా ఒకేసారి నిట్టూర్పు వచ్చింది. ఈసారి అది నిజంగా హాథర్‌బీ కోసమే.

అందరూ వెళ్లాక మంగతాయారు బియ్యం ఎత్తుతూ అడిగింది: "అయితే వచ్చే ఏడు ఆదివారాలు మీరు పడుకుంటారా బాబూ?"

మల్లికార్జున ఊడుస్తున్న చీపురు ఆపాడు. ఎందుకు అడుగుతోందో అతనికి అప్పుడు అర్థమైంది. వీధిలోకి దిగిన జట్ల ఆటలు కూడా కంప్యూటరులో ఎక్కడో చూపిస్తారట, వెతుకుతానన్నాడు. తర్వాత, పీట కాస్త ఎత్తుది కొందామా, మోకాళ్లు నొప్పంటున్నారు అన్నాడు. వద్దు, అదృష్టం పోతుందంది మంగతాయారు.

ఆగస్టులో మళ్లీ మొదలైంది. పొడుగబ్బాయి అలాగే ఉన్నాడు. ఎవరూ అడగలేదు గనక. ఇప్పుడు శేషగిరి, కాత్యాయని కూడా వస్తారు. తెనాలి నుంచి సుందరరామయ్య ఫోనులో చూస్తాడు.

ఒక్క మార్పే వచ్చింది. ఆ వీధిలో ఎవరింట్లోనైనా రెండోసారి ఇడ్లీ వడ్డించబోతే, అవతలివాళ్లు పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టి, ముందు సంగతేమిటో చెప్పమంటున్నారు.