ఉయ్యాల్లో పిజ్జా పిండి

ఆ ఆదివారం పొద్దున్నే కోడలు మోచేతుల దాకా పిండి పూసుకుని, ఇవాళ ఇంట్లోనే పిజ్జా అని చెప్పేసింది. పెద్దవాళ్లకు పెద్దది. చెరి రెండు పళ్లొచ్చిన కవలపిల్లలకు ఉప్పు లేకుండా, ఉడికిన గుమ్మడికాయ మెత్తగా రాసి, అరచేయంతవి రెండు. పిజ్జా మీద మోజు కాదు ఆమెది. పిల్లలు పుట్టాక ఆ తల్లి వేడిగా ఉన్నదేదీ కూర్చుని తిన్న పాపాన పోలేదు. ఇద్దరిలో బఠాణీ పడుకుంటే బొంగరం లేస్తుంది, బొంగరం కళ్లు మూస్తే బఠాణీ రాగం అందుకుంటుంది. ఎప్పుడు చూసినా చల్లారిన కంచం, నిలబడి తిండి.

"ఇవాళ అందరం ఒక్క బల్ల దగ్గర కూర్చోవాలి అత్తయ్యా. చీజ్ సాగుతూ ఉండగానే తినాలి."

"అలాగే తల్లీ. నేను వీళ్లకి నీళ్లు పోసేస్తాను, నువ్వు పని కానియ్యి" అంది అత్తగారు.

బయట చలి. ఈస్టు వేసి కలిపిన పిండి గిన్నెలో రాయిలా కూర్చుంది గానీ పొంగే సూచనే లేదు. ఇంట్లో వెచ్చటి చోటు ఒక్కటే, పిల్లల ఉయ్యాల. అందులో ఎప్పుడూ వేడినీళ్ల సంచీ ఉంటుంది. కోడలు గిన్నెకు గుడ్డ కప్పి, పిల్లల దుప్పటి చుట్టి, ఉయ్యాల్లో పెట్టి వంటింట్లోకి పోయింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది, పిండేగా.

మామగారు రిటైరైన వాచ్‌మన్. ఉద్యోగం పోయినా కాపలా బుద్ధి పోలేదు. దుప్పటిలో గుండ్రంగా ఉన్నదాన్ని చూసి, కుర్చీ లాక్కుని ఊపడం మొదలుపెట్టారు. స్నానాల గదిలోంచి ఒక్క పిల్ల కేరింతలే వినిపిస్తున్నాయి, అంటే రెండోది ఇక్కడ ఉన్నట్టేగా. నిజానికి ఆ రెండోదాన్ని, నీళ్ల వంతు రాకముందే, కొడుకు భుజాన వేసుకుని చీజ్ తేవడానికి వెళ్లాడు. అదీ ఎవరికీ చెప్పలేదు.

బఠాణీని తుడుస్తూ అత్తగారు వచ్చేసరికి ఆయన పెదాల మీద వేలు పెట్టారు.

"బొంగరం పడుకుంది. చప్పుడు చెయ్యకే."

"అదేంటి, దానికింకా నీళ్లే పొయ్యలేదు."

"లేపావంటే పూచీ నీదే."

పడుకున్న పిల్లను లేపే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది? కాసేపటికి మామగారు దుప్పటి మీద చెయ్యి వేసి చూశారు. ఆయన ముఖంలో రంగు మారింది.

"ఏమే, పిల్ల ఒళ్లు కాలుతోంది."

"పొట్ట కూడా ఉబ్బుతోందండీ. ఇందాకటికీ ఇప్పటికీ చూడండి."

నిజమే, దుప్పటి పైకి లేస్తోంది. ఆవిడ బఠాణీని చంకనెత్తుకునే పరుగున వెళ్లి, అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన పక్కింటి నర్సమ్మను లాక్కొచ్చింది.

"దుప్పటి తియ్యండి పెద్దాయనా."

"తీస్తే లేస్తుంది. పైనించే చూడమ్మా."

నర్సమ్మ స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది. "బుడబుడలాడుతోంది. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి పొట్ట వినలేదు" అంది నెమ్మదిగా.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. కొడుకు వచ్చాడు, చేతిలో చీజ్, భుజాన బొంగరం. మామగారు భుజం మీది పిల్లను చూశారు, చంకలో పిల్లను చూశారు, ఉయ్యాలవైపు చూశారు.

"మనకి ఇద్దరే కదరా?"

"అది నా పిండి మామయ్యగారూ" అంది వంటింటి గుమ్మంలోంచి కోడలు.

దుప్పటి తీశారు. నవ్వబోయిన నోళ్లు అలాగే ఆగిపోయాయి. గిన్నె అడుగున ముడుచుకు కూర్చున్న ముద్ద అంచు దాటి, నున్నగా, బిగువుగా నిండిపోయి ఉంది. కోడలు వేలితో నొక్కితే గుంట పడి, మెల్లగా తనంతట తనే పూడుకుంది. గుప్పెళ్ల లెక్కన పోసిన పిండి, కాసిని నీళ్లు, చిటికెడు ఈస్టు, కాస్త వెచ్చదనం, అంతే కదా వేసింది.

"ఊపిరి పీలుస్తోంది" అన్నారు మామగారు, ఇంకా గుసగుసగానే.

ఈ గొడవకి కవలలిద్దరూ ఒక్కసారే ఏడుపు లంకించుకున్నారు. నర్సమ్మ ఇద్దర్నీ తీసుకుని ఉయ్యాల్లో గిన్నెకి అటొకర్ని, ఇటొకర్ని పడుకోబెట్టింది. బఠాణీ చెయ్యి చాపి గిన్నె తడిమింది. బొంగరం చెంప ఆనించింది. ఆ వెచ్చదనానికో, ఆ బుడగల చప్పుడుకో, ఇద్దరి కళ్లూ ఒకేసారి మూతపడ్డాయి. పుట్టాక ఇదే మొదలు. పెద్దవాళ్లంతా కొయ్యబారి నిలబడిపోయారు.

ఓవెన్ కాగిపోతోంది. కొడుకు చీజ్ తురిమేశాడు. కోడలు గిన్నె కోసం వంగింది. మామగారు కుర్చీ అడ్డంగా వేసుకుని కూర్చున్నారు.

"గేటు మూసేశానమ్మా."

కోడలు పొంగిన పిండిని చూసింది, పిల్లల్ని చూసింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏవండీ, ఆ ఫోన్ ఇలా ఇవ్వండి."

కాసేపట్లో బయటినుంచి పిజ్జా అట్టపెట్టె వచ్చింది. కాపలా వదిలి మామగారు రానన్నారు కాబట్టి బల్లనే మోసుకొచ్చి ఉయ్యాల పక్కన వేశారు. కోడలు కూర్చుంది. నిజంగా కూర్చుంది. నోరు కాలేంత వేడిగా, చీజ్ తీగలా సాగుతుండగా మొదటి ముక్క కొరికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారమా?" గుసగుసగా అడిగాడు భర్త.

"వేడి" అంది.

ఆ ఇంట్లో ఇప్పటికీ రోజూ పిజ్జా పిండి కలుపుతారు. పిజ్జా మాత్రం బయటినుంచే వస్తుంది.