మంత్రిగారి క్యాంపింగ్‌కు నేనిచ్చిన సలహాలు

"నిరాశ్రయులు గుడారాల్లో ఎలా బతుకుతున్నారో స్వయంగా అనుభవించడానికి, నేను సకుటుంబంగా ఒక రాత్రి క్యాంపింగ్‌కు వెళ్తున్నాను!"

గృహనిర్మాణ మంత్రిగారు మైకు ముందు ఈ చరిత్రాత్మక ప్రకటన చెయ్యగానే, వరదలో ఇల్లు పోయి నాలుగేళ్లుగా టార్పాలిన్ కింద కాపురముంటున్న నేను చప్పట్లు కొట్టాను. నా భార్య కొట్టలేదు. ఆమెకు రాజకీయ పరిజ్ఞానం తక్కువ.

మర్నాడే జీపొచ్చింది. క్యాంపింగ్ సామాను ఎంపికకు అనుభవమున్న సలహాదారు కావాలట. మా రెండు వందల టార్పాలిన్లలో రోడ్డుకు దగ్గరగా ఉన్నది నాదే కాబట్టి అనుభవజ్ఞుణ్ణి నేనే అయ్యాను.

"వెళ్లు. మన ఇంటి ఫైలు మీద సంతకం లేకుండా వచ్చావో, నీ పక్క రోడ్డు మీదే" అంది నా భార్య.

మంత్రిగారి హాలు నిండా సామాను. నైలాన్ టెంట్లు, నిద్రపోయే సంచులు, మడత కుర్చీలు. మంత్రిగారు నుదుటికి టార్చిలైటు కట్టుకుని సోఫాలో కూర్చున్నారు. ఆయన ఎటు తిరిగితే అటు వెలుగు. ఎంత దూరదృష్టి!

"రండి గుడారంగారూ!" అన్నారు. నా పేరు అడగలేదు, పదవే ఇచ్చేశారు. "వీటిలో ఏది తీసుకోమంటారు?"

నేను టెంటు గుడ్డ వేళ్లతో నలిపి చూశాను. "గుడ్డ సంగతి తర్వాత సార్. ముందు నేల చూసుకోవాలి. తడి నేల నడుం పట్టేస్తుంది."

పక్కనున్న ఇంజనీరు రాసుకున్నాడు. ఇటుకలు దొరకడం లేదని నాలుగేళ్లుగా మాకు చెబుతున్న మహానుభావుడు ఈయనే.

"నడుమే కాదు, నా మోకాళ్లూ ఉన్నాయి" అన్నారు మంత్రిగారి అత్తగారు. "మంచం లేకపోతే నేను రాను అల్లుడుగారూ."

"అత్తయ్యా, ఇది క్యాంపింగ్!"

"అయితే క్యాంపింగ్ మంచమే తెప్పించండి."

మంచం టెంటు గుమ్మంలో పట్టలేదు. పెద్ద టెంటు తెచ్చారు. "పెద్ద టెంటుకి గాలి దెబ్బ ఎక్కువ సార్" అన్నాను, నోరు ఊరుకోక. వెంటనే ఇంజనీరు గాలికి అడ్డంగా మూడు గోడలు మంజూరు చేశాడు. ఏసీ లేనిదే తనకు కన్ను మూతపడదని మంత్రిగారి భార్య అన్నారు. ఏసీ బిగించడానికి నాలుగో గోడ కావలసి వచ్చింది. ఆ చల్లదనం ఆకాశం పాలవకుండా పైన స్లాబు.

"ఇంకేమైనా సలహా?" అన్నారు మంత్రిగారు.

"టాయిలెట్ దూరమైతే రాత్రిళ్లు ఇబ్బంది సార్. మాకు అర కిలోమీటరు."

"అయ్యయ్యో!" అన్నారు ఆయన. నా ఇబ్బంది చూసి చలించిపోయి, తమకు పక్కనే రెండు కట్టించమన్నారు.

ఊరవతల, చెట్ల మధ్య, పదకొండు రోజుల్లో టైల్సుతో సహా పని పూర్తయింది. ప్రభుత్వం పని చెయ్యదనేవాళ్లు సిగ్గుపడాలి. తర్వాత ఆ కొత్త ఇంటి హాలు మధ్యలో టెంటు వేశారు. మేకులు టైల్సులోకి దిగకపోతే డ్రిల్లింగ్ మిషన్ తెచ్చారు.

"తాళ్లు బిగించండి సార్, గాలికి లేచిపోతుంది" అన్నాను.

ఇంజనీరు కిటికీ తలుపులు మూశాడు. "ఇక లేవదు."

నా భార్యను పిలిపించి ఇల్లు చూపించాను. కుళాయి తిప్పింది. నీళ్లొచ్చాయి. కట్టేసింది. మళ్లీ తిప్పింది. గోడ మీద చెయ్యేసి అలాగే నిలబడింది.

"ఏమయ్యా, వీళ్లు ఒక్క రాత్రే కదా ఉండేది? రేపు దీన్నేం చేస్తారు?"

రాజకీయ పరిజ్ఞానం లేని మనిషికి కూడా ఒక్కోసారి ఎంత మంచి ఆలోచన వస్తుందో! పరిగెత్తుకెళ్లి మంత్రిగారిని అడిగాను. ఆయన నా భుజం తట్టారు. "రేపు పొద్దున్నే మీ ఆవిణ్ణి కూడా తీసుకురండి. సంతకం పెట్టేస్తాను, ఫొటో కూడా దిగుదాం."

ఆ సాయంత్రం విలేకరులు వచ్చారు. మంత్రిగారు టెంటులోంచి తల బయటపెట్టి, "కష్టమంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది" అన్నారు. ఏసీ మోతకు సరిగా వినిపించక ఆ మాట మూడుసార్లు అనవలసి వచ్చింది.

తెల్లారేసరికి మేం ట్రంకుపెట్టె, రెండు బిందెలు, చాప మోసుకుని అక్కడికి చేరాం. గుమ్మం ముందు బుల్డోజర్ ఉంది.

"క్యాంపింగ్‌లో మొదటి నియమం" అన్నారు మంత్రిగారు కెమెరాల వైపు తిరిగి, "మనం వెళ్లిపోయాక ఆ చోట మన ఆనవాలు కూడా మిగలకూడదు. ప్రకృతిని ఎలా తీసుకున్నామో అలాగే అప్పగించాలి."

నాలుగు గోడలు నాలుగు నిమిషాల్లో అప్పగించారు. కుళాయి ఒక్కటే కాసేపు కారింది.

మాటంటే మాటే. మంత్రిగారు ఆ దుమ్ములోనే నిలబడి మా ఫైలు మీద సంతకం పెట్టారు. మడతపెట్టిన టెంటును స్వహస్తాలతో నా భార్య చేతుల్లో పెట్టారు. ఫొటో బాగా వచ్చింది. ఇంజనీరు ఫైలు మీద 'నివాసం అందజేయడమైనది' అని రాసి, ముద్ర కొట్టి, దారంతో కట్టేశాడు.

"ఆ పాత టార్పాలిన్ సాయంత్రంలోగా ఆఫీసులో అప్పజెప్పండి. ఒక కుటుంబానికి రెండు నివాసాలు కుదరవు" అన్నాడు.

నా భార్య టెంటును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంతకీ వానకి ఇది కారుతుందా, కారదా?"

"ఎలా చెప్పమంటావమ్మా?" అన్నాడు ఇంజనీరు. "దీన్ని ఇంతవరకూ బయట వెయ్యలేదు కదా!"