గోధుమరంగు ప్యాంటు పరుగు

ఇలా రండర్రా, నా మంచం దగ్గరికి జరగండి. ఇంకా దగ్గరికి. గొంతు పెంచి చెప్పే కథ కాదిది. మీ తాతయ్య పక్కగదిలో పడుకున్నారు గానీ ఆయన చెవులు మాత్రం ఎప్పుడూ ఇక్కడే ఉంటాయి. పొద్దున్నే పార్కులో పరిగెత్తమంటే మొహాలు ముడుచుకుంటున్నారట మీరు. మీది ఏపాటి బద్ధకంలే. ఈ ఇంట్లో బద్ధకానికి గురువుగారొకరున్నారు, ఆయన సంగతి వినండి.

అప్పట్లో మన ముందుగదే కుట్టు దుకాణం. మీ తాతయ్య కోటు కుట్టారంటే గుమాస్తా కూడా జడ్జీలా నడిచేవాడు. నా వంతు బొత్తాలు, కాజాలు, అంచులు. అంతవరకే. మిషన్ మీద చెయ్యి వేస్తే చాలు, "ఏమేవ్, నడుం పట్టీ జోలికి రాకు. దానికి చెయ్యి తిరగాలి" అనేవారు. నేను ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఆయన చెయ్యి ఎలా తిరుగుతోందో చూస్తూ కూర్చునేదాన్ని. ఏళ్ళ తరబడి చూశాను.

ఆయన చేతితోపాటు పొట్ట కూడా బాగా తిరిగింది. గుమ్మంలోంచి ముందు పొట్ట వచ్చేది, కాసేపటికి మీ తాతయ్య వచ్చేవారు.

అది చలి తగ్గే కాలం. తగ్గేది అంటారు గానీ, వెళ్తానని లేచి గుమ్మంలో నిలబడి మళ్ళీ కబుర్లు మొదలుపెట్టే చుట్టం లాంటిది చలి. స్వెట్టరు వేసుకుంటే ఉక్క, విప్పితే వణుకు. చెట్లన్నీ చిగుళ్ళు వేసి, పూల పొడి గాలికి లేచి, వీధంతా తుమ్ములే తుమ్ములు. ఆ రోజుల్లోనే మీ తాతయ్య మోకాళ్ళు మొరాయించాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు మోకాలు నొక్కారు, పొట్ట నొక్కారు, నిట్టూర్చారు.

"ఈ పొట్టని ఆ మోకాళ్ళు మోయలేవు. రోజూ పార్కుకెళ్ళి నాలుగు చుట్లు పరిగెత్తండి. ఎండలు ముదిరేలోగా నడుం తగ్గకపోతే మిషన్ తొక్కడం మానెయ్యాల్సిందే."

మిషన్ తొక్కని మీ తాతయ్య అంటే దారం లేని సూదే కదర్రా.

"పోనీ, మిషన్‌కి మోటారు పెట్టించుకోండి" అన్నాను దారిలో.

"మోటారు పెడితే మిషన్ నడుస్తుంది. కుట్టు నడవదు" అన్నారు.

"అయితే పరిగెత్తండి. ప్రతి ఆదివారం టేపు పెట్టి కొలుస్తాను."

మీ తాతయ్య వీధి మధ్యలో ఆగిపోయారు. "టేపా? ఎంత మాట! దర్జీ ఒంటికి సొంత టేపు తగిలితే వృత్తి పోతుంది. మా గురువుగారు పోయేముందు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పారు."

"ఆయన పోవడమేంటండీ? మొన్ననేగా మనింటికొచ్చి రెండు కప్పుల టీ తాగారు?"

"పోయేముందు అంటే... ఇంటికి పోయేముందు."

"మరి తగ్గారో లేదో నాకెలా తెలుస్తుంది?"

"నా గోధుమరంగు ప్యాంటుంది కదా! ప్రతి ఆదివారం నీ ముందే వేసుకుంటాను. మనిషి అబద్ధమాడతాడు గానీ, ప్యాంటు ఆడదే!"

సరేనన్నాను. ఒప్పందం కుదిరింది.

మర్నాటి నుంచి తెల్లారకుండానే బయల్దేరేవారు. తిరిగొచ్చేసరికి మొహం, జుట్టు తడిసి ఉండేవి. నేనేమో పాపం ఎంత చెమటోడ్చారో అని తువ్వాలు అందించేదాన్ని.

"ఏం చూశారండీ పార్కులో?"

"ప్రకృతి."

"ప్రకృతంటే?"

"ఉంటుందిగా... పచ్చగా."

"మీసం మీద ఆ తెల్లటి పొడేంటి?"

"పూల పొడే. ఈ కాలంలో మగవాడు మీసం పెంచుకుని తిరగడానికి లేదు!"

ఆ పూల పొడి టీ కొట్టులో బన్ను మీద చల్లే పంచదార అనీ, ఆ చెమట పార్కు కుళాయిదనీ, మీ తాతయ్య పరుగు గేటు పక్క బల్ల దగ్గరే ఆగిపోతుందనీ టీ కొట్టాయన తర్వాతెప్పుడో చెప్పాడు. అక్కడ కూర్చుని, పరిగెత్తేవాళ్ళ ప్యాంట్లలో ఎవరిది సరిగ్గా కుట్టలేదో తీర్పులు చెప్పేవారట.

ఆ వారంలోనే దుకాణానికి విజిల్ మాస్టారి భార్య వచ్చింది. విజిల్ మాస్టారంటే పార్కు సంఘానికి పెద్ద. ఒకప్పుడు బళ్ళో డ్రిల్లు నేర్పేవారు. ఉద్యోగం పోయినా మెడలో విజిల్ పోలేదు. ఆవిడ పసుపుపచ్చ పొద్దుతిరుగుడు పూల గుడ్డ ఇచ్చి కర్టెన్లు కుట్టించుకుంది.

"తమ్ముడూ, ముక్కేమైనా మిగిలిందా? దిండు గలీబు కుట్టించుకుందామని."

"జానెడు కూడా మిగల్లేదక్కయ్యా. మీ కిటికీలు మరీ విశాలం" అన్నారు మీ తాతయ్య, కళ్ళు కూడా ఆర్పకుండా.

ఆ కర్టెన్లకి అంచులు కుట్టింది నేను. నాకు అనుమానం వచ్చింది గానీ, మొగుడి పరువు పెళ్ళాం నాలుక చివరే కదా ఉండేది. తలొంచుకుని కాజాలు కుట్టుకున్నాను.

ఆదివారం వచ్చింది. మీ తాతయ్య ప్యాంటు వేసుకుని, పిడికిలి దూర్చి చూపించారు. "చూశావా! వదులు!"

నేను మురిసిపోయాను. ఆ మురిపెం సాయంత్రం ఇస్త్రీ దాకానే. ప్యాంటు వెనక నడుం దగ్గర దర్జీలు లోపలికి కాస్త గుడ్డ మడిచి ఉంచుతారర్రా, మనిషి లావెక్కితే విప్పి వదులు చెయ్యడానికి. ఆ మడత తగ్గింది. దారం కొత్తగా మెరుస్తోంది. మనిషి తగ్గలేదు, ప్యాంటు పెరిగింది!

దెబ్బలాడదామనుకున్నాను. కానీ దెబ్బలాటలో ఆయనదే గెలుపు. గొంతు పెద్దది. సూదికి గొంతుండదు. అందుకని ఆయన స్నానానికి వెళ్ళి పాటలందుకోగానే, మిషన్ ముందు కూర్చున్నాను. ఆయన వేసిన కొత్త కుట్టు విప్పి, గుడ్డ మళ్ళీ లోపలికి పట్టి, అచ్చం ఆయన కుట్టులాగే కుట్టాను. ఆయన కుట్టు మొదట్లో పొడుగ్గా అడుగులేసి చివర్లో చిన్నగా నడుస్తుంది, అలసిపోయిన మనిషిలాగ. ఏళ్ళ తరబడి చూసినదాన్ని, నాకు తెలీదూ?

పై ఆదివారం మీ తాతయ్య ఊపిరి బిగబట్టారు. బొత్తం అందలేదు. ఇంకా బిగబట్టారు. మొహం వంకాయైంది.

"ఏంటండీ ఇది? పోయిన వారం పిడికిలి దూరింది?"

"ఉతికావుగా. గుడ్డ కుంచించుకుంది."

"నేనసలు ఉతకందే!"

"అదే మరి! ఉతక్కపోతే మురికి పట్టి బిగుసుకుంటుంది."

మధ్యాహ్నం నేను కునుకు తీస్తున్నాననుకుని ఆయన మళ్ళీ విప్పారు. ఆయన స్నానంలో రాగం తీస్తుండగా నేను మళ్ళీ బిగించాను. ఈసారి ఇంకాస్త ఎక్కువ. ఆయన విప్పడం, నేను బిగించడం. పాపం ఆ ప్యాంటు, అత్తాకోడళ్ళ మధ్య కొడుకులా నలిగిపోయింది.

మీ తాతయ్యకి భయం పట్టుకుంది. గుడ్డ వదులుతుంటే మనిషి ఊరిపోతున్నాడాయె! అద్దం ముందు నిలబడి అటు తిరిగేవారు, ఇటు తిరిగేవారు. ఒకరోజు తలుపు చాటున టేపు పట్టుకుని దొరికిపోయారు.

"అయ్యయ్యో! ఇలా ఇవ్వండి! మీ ఒంటికి తగిలితే వృత్తి పోదూ?" అని లాగేసుకున్నాను.

"ఊరికే... ఒక్కసారి..."

"గురువుగారు ఇంటికి పోయేముందు చెప్పిన మాటండీ!" అని మెళ్ళో వేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆయన తీసుకున్న గోతిలో ఆయనే పడి, కింద నుంచి నా వైపు చూస్తున్నట్టు చూశారు.

ఆ మర్నాటి నుంచి మీసం మీద పూల పొడి కనిపించలేదు.

నిజంగా పరిగెత్తడం మొదలుపెట్టారర్రా! మొదటిరోజు పార్కు కుక్క వెంటపడిందట. ఈయన్ని దాటి కొంతదూరం పోయాక దానికే జాలేసి, ఆగి, ఈయన వచ్చేదాకా కూర్చుందట. రెండోరోజు బూటు లేసు ఊడింది, మూడోరోజు నోట్లోకి దోమ పోయింది, నాలుగోరోజు తుమ్ముకీ పరుగుకీ లంకె కుదరక గడ్డి మీద కూలబడ్డారు. అయినా ఐదోరోజు లేచి వెళ్ళారు.

"ఏం చూశారండీ?" అని అడిగాను అలవాటుగా.

"నీళ్ళ ట్యాంకు పక్కన చెట్టుకి వడ్రంగిపిట్ట తొర్ర చేస్తోందే. తల ఎంత వేగంగా ఆడిస్తుందనుకున్నావ్, మన మిషన్ సూదే! కింద నేలంతా చెక్కపొట్టు. అన్నట్టు, ఎర్ర చిగుళ్ళు ఎండ తగలగానే పచ్చబడుతున్నాయి."

నేను నవ్వు ఆపుకుని పొయ్యి వైపు తిరిగాను. ప్రకృతి అబద్ధం కాదని ఆ రోజు తెలిసింది.

బుగ్గలు తగ్గాయి. మెట్లెక్కుతుంటే మోకాళ్ళు మూలగడం మానేశాయి. నాకు కనిపిస్తోంది. ఆయనకి మాత్రం ప్యాంటే ప్రమాణం. ప్యాంటేమో నా చేతిలో ఉంది.

ఇంతలో విజిల్ మాస్టారు వీధివాళ్ళందరికీ పార్కులో పరుగు పందెం పెట్టారు. మీ తాతయ్య ఆయాసం చూసి ముచ్చటపడి ఆయన్నీ చేర్చుకున్నారు. నేనూ అనుకున్నాను, ఇక చాలు, మనిషి దారిలో పడ్డాడు అని. పరుగు ముందురోజు మధ్యాహ్నం మీ తాతయ్య లోపలున్న గుడ్డంతా, ఒక్క పోగు మిగల్చకుండా విప్పేశారు. నేను దొంగనిద్రలోంచి ఒక కంటితో చూశాను. సాయంత్రం బిగించలేదు.

పొద్దున్నే ప్యాంటు వేసుకుని మీ తాతయ్య గంతేసినంత పని చేశారు. "వదులే! నిజంగా వదులు!"

"వదులేనండీ. బెల్టు పెట్టుకోండి" అన్నాను.

"బెల్టా? దర్జీ బెల్టు పెట్టుకోవడమంటే తన కుట్టు తప్పని వీధిలో చాటింపు వేయించుకోవడమే!"

మూడుసార్లు చెప్పాను. ఇక నా తప్పు లేదు.

విజిల్ మోగింది. నేనూ విజిల్ మాస్టారి భార్యా పందెం ముగిసే గీత దగ్గర నిలబడ్డాం. మొదటి చుట్టులో మీ తాతయ్య చేతులు ఊపుకుంటూ దొరబాబులా పరిగెత్తారు. రెండో చుట్టులో ఒక చెయ్యి నడుం మీదికి వచ్చింది. మూడో చుట్టుకి రెండు చేతులూ నడుం మీదే. వెనకొచ్చేవాళ్ళు అదేదో కొత్త పద్ధతి అనుకుని వాళ్ళూ నడుం పట్టుకుని పరిగెత్తడం మొదలుపెట్టారు.

చివరాఖరికి గీత దాటారు. ఆయన వయసువాళ్ళలో అందరికంటే ముందు! జనం చప్పట్లు కొట్టారు. విజిల్ మాస్టారు ఉప్పొంగిపోయి, "శభాష్ దర్జీ!" అని వెనక నుంచొచ్చి మీ తాతయ్య రెండు చేతులూ పట్టుకుని ఆకాశానికెత్తేశారు.

చేతులు పైకి వెళ్ళాయి. ప్యాంటు కిందికి వెళ్ళింది.

కింద నిక్కరు. నిక్కరు నిండా పసుపుపచ్చ పొద్దుతిరుగుడు పూలు. పొద్దున్న ఎండ పడి కళకళలాడుతున్నాయి.

ఎవరూ నవ్వలేదు. నవ్వేలోగా విజిల్ మాస్టారి భార్య కేక పెట్టింది.

"ఏమయ్యా తమ్ముడూ! జానెడు కూడా మిగల్లేదన్నావు?"

మీ తాతయ్య చేతులింకా పైనే ఉన్నాయి, మాస్టారు వదిలితే కదా. ఆ భంగిమలోనే, "జానెడు కాదక్కయ్యా... మూరెడు మిగిలింది" అన్నారు.

అప్పుడు నవ్వారర్రా పార్కంతా. వడ్రంగిపిట్ట కూడా చెక్కడం ఆపిందంటే నమ్మండి.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఆ గుడ్డ నాకిక వద్దులే నాయనా, నీకే బాగుంది. కానీ రేపట్నించి తెల్లారేసరికి నువ్వు పార్కులో కనిపించాలి. కనిపించని రోజున ఈ నిక్కరు సంగతి నీ ప్రతి ఖాతాదారుకీ నేనే చెప్తాను."

ఇంటికొచ్చాక మీ తాతయ్య కుర్చీలో కూలబడి అన్నీ ఒప్పుకున్నారు. టీ కొట్టు, కుళాయి, ప్యాంటు విప్పడం. "విప్పినకొద్దీ బిగిసిపోయింది. ఒంట్లో ఏదో జబ్బుందే" అన్నారు దిగులుగా.

నేను మెళ్ళోంచి టేపు తీసి, అడక్కుండా ఆయన నడుం చుట్టూ వేసి చూపించాను. చూసి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చూశారు.

"తగ్గిందే! ఇంత తగ్గితే మరి ప్యాంటెందుకు పట్టలేదు?"

నేను సూది వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. ప్యాంటు తిరగేసి వెలుతురుకి పెట్టి, కుట్టు వెంట వేలు పెట్టుకుని అంగుళం అంగుళం వెతికారు. విప్పిన కుట్ల రంధ్రాలు వరుసలు వరుసలుగా ఉన్నాయి. ఏ వరుస తనదో, ఏ వరుస నాదో తేల్చుకోలేకపోయారు.

"ఇందులో నీదేది?" అన్నారు చివరికి, చిన్న గొంతుతో.

"మీరే చెప్పండి. చెయ్యి తిరిగినవారు కదా."

ఆయన ప్యాంటు జాగ్రత్తగా మడిచి మిషన్ మీద పెట్టారు.

మర్నాడు ఆయన పరుగుకి వెళ్ళాక దుకాణం ఊడుద్దామని వెళ్ళాను. మిషన్ మీద బ్యాంకు మేనేజరుగారి కొత్త ప్యాంటు, నడుం పట్టీకి గుండుసూదులు గుచ్చి ఉంది. నా ఎత్తుకి సరిపోయేలా స్టూలు కూడా జరిపి ఉంది. ఆ రోజు నుంచి ఈ వీధిలో ప్యాంటు నడుములన్నీ నావే. పొద్దున్న పరుగు మాత్రం ఆయనదే. ఆ మోకాళ్ళతో ఇప్పటికీ మిషన్ తొక్కుతున్నారు, చూస్తున్నారుగా.

ఇదీ సంగతి. రేపు పార్కులో మీ స్నేహితులు ఆయాసపడి కూలబడితే, పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పండి. టీ కొట్టు మర్చిపోయినా ఫర్వాలేదు, కుక్కని మర్చిపోయినా ఫర్వాలేదు. నిక్కరు మీది పూలు ఏ రంగువో మాత్రం మర్చిపోకండేం. అదిగో, పక్కగదిలో దగ్గు... విన్నారర్రా ఆయన! పొండి, పొండి, పడుకోండి.